మంటతో చల్లబడే పెట్టె

నిజాం రాజ్యం పోయాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. ఆ కాలం మొదట్లో నా చేతిలో ఏమేం ఉన్నాయో ముందు చెబుతాను. సూర్యాపేటలో, పట్నం నుంచి బెజవాడ పోయే సడక్ పక్కన ఒక కిరాణా దుకాణం. లాంతర్లలో పోసే గ్యాసునూనె అమ్మడానికి సర్కారు ఇచ్చిన లైసెన్సు. మా నాయన కట్టించిన బండల ఇల్లు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఇంట్లో గొంతెత్తి మాట్లాడని భార్య రుక్కమ్మ. తల్లి లేని నన్ను సాకి, పెళ్లి చేసి, ఇప్పటికీ ఈ ఇంటిని నడుపుతున్న అక్క ఆండాలు. ఆ అక్క ఒంట్లో చక్కెర జబ్బు.

చివరిదాన్ని వదిలేస్తే మిగతావన్నీ నేను తూచి చూసుకోగలిగినవే. చక్కెర అమ్ముకుని బతికేవాడికి చక్కెరతోనే వచ్చిన ఈ చిక్కు మాత్రం అంతు పట్టేది కాదు.

అక్కకు రోజూ పొద్దున సూది మందు పడాలి. అది సరిగా పనిచేస్తున్నదో లేదో తెలుసుకునే పద్ధతి మా డాక్టరు నేర్పించాడు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో మూత్రం చుక్కలు వేసి కాచాలి. నీలం నీలంగానే ఉంటే మేలు. పచ్చబడితే జాగ్రత్త. ఇటుక రంగుకు తిరిగితే చక్కెర బాగా పోతున్నట్టు. చలికాలమంతా నీలమే చూశాం. శివరాత్రి దాటాక గొట్టం ఇటుక రంగుకు తిరగడం మొదలుపెట్టింది. అక్క తిండి మార్చలేదు, సూది తప్పించలేదు. డాక్టరు మందు సీసాను వెలుతురుకు ఎత్తి చూసి నాకూ చూపించాడు. లోపల విరిగిన పాలలా తునకలు తేలుతున్నాయి. ఎండకు మందు చచ్చిపోయిందన్నాడు.

ఇసుకలో కుండ పెట్టి, తడిగుడ్డ చుట్టి అప్పటికే చూశాం. సూర్యాపేట ఎండకు అది ఆగలేదు. డాక్టరు రెండే దారులు చెప్పాడు. మందుకు చల్లటి చోటైనా చూపించాలి, లేదా వానలు పడేదాకా అక్కను పట్నంలో, ఐసు దొరికే చోట ఉంచాలి.

పట్నంలో మా మేనమామ కొడుకులున్నారు. జబ్బు బయటపడిన కొత్తలో అక్క వాళ్లింట్లోనే కొన్నాళ్లు ఉండి వచ్చింది. మళ్లీ పొమ్మంటే ఆమె చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"మంచోళ్లే, కాదనను. కానీ ఆళ్లింట్ల మజ్జిగ కావాల్నంటే అడగాలె. నా ఇంట్ల నేను ఎవరినన్న అడుగుతనా? సూది లేకుంటె లేకపాయె నర్సయ్యా. నేనీడ్నే ఉంట."

ఆమె ఉంటానన్నదంటే ఉంటుంది. సూది లేకుండా ఉంటే ఏమవుతుందో డాక్టరు నాతో విడిగా చెప్పాడు. అందుకని చల్లటి చోటు కోసం వెతకడం మొదలుపెట్టాను.

వెతకడానికి నాకొక ఆనవాలు ఉండె. మిర్యాలగూడ పక్కన మాడుగులపల్లి వైపు ఒక దొర గడికి, కోటలాంటి ఇంటికి, వెనుకట నెలనెలా గ్యాసునూనె డబ్బాలు పంపేవాణ్ని. అన్ని దీపాలేం వెలుగుతున్నాయని ఒకసారి గుమాస్తాను అడిగితే, దీపాలకు కాదు, దొర తాగే నీళ్లు చల్లబరచడానికి అన్నాడు. మంట పెడితే చల్లబడే పెట్టె ఉందట. అప్పుడు నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. ఇప్పుడు ఆ మాట మీదే మిర్యాలగూడ బస్సెక్కాను.

దొర ఊరు విడిచి పట్నం పోయి, ఇంకా తిరిగి రాలేదు. గడి తలుపులు సగం లేవు. గుమాస్తా మాత్రం ఉన్నాడు. పెట్టె కూడా ఉంది, మనిషెత్తు బీరువాలాగా, తెల్లరంగు అక్కడక్కడ లేచిపోయి. గడి ఖాళీగా పడి ఉన్న రోజుల్లో ఎవరో అందులో ఎండుమిరపకాయలు దాచినట్టున్నారు. తలుపు తెరవగానే ఘాటుకు ఇద్దరం తుమ్మాం. తలుపు అంచున ఉండాల్సిన రబ్బరును ఎలుకలు తినేశాయి. కింద గ్యాసునూనె తొట్టి, దాని మీద వత్తి, వత్తి మీద నుంచి వెనకగా పైకి పోయే పొగగొట్టం, ఆ పక్కన నల్లటి ఇనుప గొట్టాల వరస. తిరిగే చక్రం ఒక్కటి కూడా లేదు. అదే నాకు నచ్చింది. తిరిగేది లేకపోతే అరిగేది లేదు.

పనిచేస్తుందా అని అడిగితే గుమాస్తా, దొర ఉన్నప్పుడు పనిచేసింది, దొర పోయిండు, అది కూడ అలిగింది అన్నాడు. వాడికి అది అడ్డం. నాకది అవసరం. కానీ నా అవసరం వాడికి కనిపించనివ్వలేదు. బియ్యం దాచుకునే బీరువాకు పనికొస్తుందేమో అన్నట్టు మాట్లాడి, కొంత చింతపండు, కొంత బెల్లం ఇచ్చేటట్టు బేరం కుదుర్చుకున్నాను.

తీసుకురావడం ఐలన్న బండి మీద. ఐలన్న తుంగతుర్తి వైపు గొల్లవాడు, గొర్లకాలం గొర్లు, మిగతా కాలం బండి. బాలింతను తెచ్చినట్టు తెస్త సావుకారీ అని, బండి నిండా వరిగడ్డి పరిచి, దాని మీద బొంతలు వేసి, పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి, ఎండ తగలకుండా పైన ఇంకో బొంత కప్పాడు. దారిలో ఆపిన మిలటరీవాళ్లు శవమేమో అనుకుని బొంత తీసి చూశారు. చూశాక ఇంకా ఎక్కువ అనుమానపడ్డారు.

ఇల్లు చేరగానే నడిమింట్లో నిలబెట్టి, తొట్టిలో నూనె పోసి, వత్తి వెలిగించాను. పొగ వచ్చింది. వేడి వచ్చింది. పెట్టె లోపల చెయ్యి పెడితే పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది. అక్క వచ్చి పొగగొట్టం మీద అరచెయ్యి ఆనించి చూసి, చాయ పెట్టుకోవచ్చు, కట్టెలు మిగులుతయి అంది.

ఇంట్లో నవ్వు పుట్టించిన వస్తువు పూర్తిగా దండగ కాదు. కానీ మందు సీసా నవ్వుతో బతకదు. డాక్టరు పట్నం నుంచి కొత్త సీసాలు తెప్పిస్తున్నాడు. అవి వచ్చేలోపు పెట్టె చల్లబడాలి, లేకపోతే అక్కను బలవంతంగానైనా బస్సెక్కించాలని నాతో ఒట్టేయించుకున్నాడు.

ఇట్లాంటిదే ఒక పెట్టె కోదాడలో క్రైస్తవుల చిన్న దవాఖానలో ఉందని బస్సు డ్రైవరు చెప్పాడు. వెళ్లాను. అక్కడి నర్సు ఎస్తేరు, పెద్దావిడ, మాట బెజవాడ వైపు మాట. నేను చెప్పుకున్నదంతా విని ఆమె అడిగింది ఒక్కటే.

"దాన్ని బండిమీద పడుకోబెట్టి తెచ్చారా?"

"బొంతలేసి తెచ్చినం."

"బొంతలు మనకండి, దానికి కాదు. అది ఎప్పుడూ నిలబడే ఉండాలి. పడుకోబెడితే గొట్టాల్లో ఉండే చల్లబరిచే మందు ఎక్కడికో పోయి ఇరుక్కుంటుంది. తొట్టి ఊడదీసి, పెట్టెను రెండు మూడుసార్లు తలకిందులు చెయ్యండి. తర్వాత నిలబెట్టి, ఒక రోజంతా దాని జోలికి పోకండి."

ఇంకా చెప్పింది. మంట పసుపుగా ఉంటే మసే తప్ప చల్లదనం రాదని, నీలంగా సన్నగా ఉండాలని, పొగగొట్టం తుడవాలని. తన పెట్టె తెరిచి చూపించింది. లోపల గాలి ముఖానికి తగిలి, ఆ మధ్యాహ్నం నాకు పుష్యమాసం గుర్తుకొచ్చింది. పెట్టె నాలుగు కాళ్ల కింద నాలుగు చెక్కలున్నాయి. ఒకటి దిమ్మలాగా, ఒకటి పలకంత పలచగా, మిగతా రెండూ ఆ నడుమ. చీమల కోసం ఎత్తులో పెట్టుకున్నారని అర్థం చేసుకున్నాను. చెక్కలు కోసినవాడి చేతకానితనం మీద జాలిపడ్డాను. ఇంకా ఏదో చెప్పబోతుంటే తేలు కుట్టిన మనిషిని మోసుకొచ్చారు. ఆమె అటు పరుగెత్తింది. నా బస్సు కూడా వచ్చింది.

ఇంటికొచ్చి పనిలో పడ్డాను. దుకాణం పొద్దున పూటే తెరిచి, మధ్యాహ్నం పెట్టె ముందు కూర్చునేవాణ్ని. ఐలన్న, ఇంకో ఇద్దరు హమాలీలు కలిసి దాన్ని తలకిందులు చేశారు. లోపల నుంచి గుడగుడమని చప్పుడు వచ్చింది, కడుపులో నీళ్లు కదిలినట్టు. ఐలన్న భయపడి వదిలేయబోయాడు. దీనికి పానం ఉన్నది సావుకారీ అన్నాడు. ఉంటే మంచిదే, పట్టుకో అన్నాను.

పొగగొట్టంలోకి తాటి ఈనెకు గుడ్డ కట్టి దోపితే మధ్యలో అడ్డం పడింది. లోపల కందిరీగలు మట్టిగూడు కట్టాయి. అది రాలిపోయాక ఆ చివర నుంచి వెలుతురు కనిపించింది. వత్తులు నా దుకాణంలోనివే, లాంతరు వత్తులు. అంచు కొంచెం వంకరున్నా మంట పసుపుగా వస్తుందని తెలిసి, నేను కత్తెర రుక్కమ్మకు ఇచ్చాను. రవికెలు కత్తిరించే చేత్తో ఆమె కత్తిరించింది. మంట నీలంగా వచ్చింది. తలుపు అంచుకు పాత సైకిల్ ట్యూబు చీల్చి, చింతగింజల పిండి ఉడికించి అతికించాను. ఊడిపోయింది. మళ్లీ లక్కతో అతికించాను. నిలిచింది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి, లాగి చూశాను. కాగితం చినిగింది గాని రాలేదు.

ఆఖరుకు కాళ్ల కింద చెక్కలు. చెక్కపని చేసే వడ్లాయన పక్కన కూర్చుని నాలుగూ ఒక్క కొలతకు కోయించాను. తెచ్చి దుకాణం తక్కెడలో జతలు జతలుగా తూచాను కూడా, ముల్లు కదల్లేదు. ఆ నాలుగింటినీ నాలుగు నీళ్ల గిన్నెల్లో పెట్టి, వాటి మీద పెట్టెను నిలబెట్టి, ఒక రోజంతా దాని జోలికి పోకుండా ఆగి వెలిగించాను.

ఈసారి వేడి రాలేదు. అంతే. లోపల కుండలో నీళ్లంత చల్లదనం కూడా లేదు. ఒక పూట కాస్త చల్లబడ్డట్టు అనిపించేది, మళ్లీ మామూలే. నేను మంట పెంచేవాణ్ని, తగ్గించేవాణ్ని. గొట్టం మళ్లీ తుడిచాను. మళ్లీ తలకిందులు చేయించాను. హమాలీలు మా ఇంటి ముందు నుంచి పోతూ, ఇయ్యాల నిలబెట్టాల్నా పండబెట్టాల్నా అని అడగడం మొదలుపెట్టారు.

డాక్టరు మందు వచ్చిందని కబురు పంపాడు. పెట్టె చల్లబడలేదని అక్క నాకంటే ముందే ఒప్పుకుంది. సూది లేకుండా ఉంటానన్న మనిషి, రుక్కమ్మ ముందు అట్లా చావడం బాగుండదనుకుందో ఏమో, రెండు చీరలు మడిచి మూట కట్టి తలుపు మూలన పెట్టింది. పప్పుల డబ్బాలు ఏవి ఎక్కడున్నాయో రుక్కమ్మకు చూపించింది. రుక్కమ్మ తల ఊపుతూ వింది.

అప్పుడు నేనొక లెక్క వేశాను. అక్క పట్నం పోతే నష్టం ఎవరికి? అక్కకు, నాకు. రుక్కమ్మకు? పెళ్లయిన నాటి నుంచి తన ఇంట్లో తానేం వండాలో ఇంకొకరు చెబితే వండిన మనిషి. వానలు పడేదాకా ఇల్లు తన చేతికొస్తుంది. ఆమె పైకి బాధగా ఉన్నా లోపల ఎట్లుంటుందో నాకు తెలుసనుకున్నాను. తప్పు పట్టలేదు. నేనైనా అట్లే అనుకునేవాణ్ని.

మరునాడు మధ్యాహ్నం దుకాణంలో ఉంటే లోపల నుంచి రుక్కమ్మ పిలిచింది. ఆమె దుకాణంలోకి వినబడేట్టు పిలవడం అదే మొదటిసారి. పోయి చూస్తే పెట్టె నెత్తిన పెద్ద ఇత్తడి తాంబాలం పెట్టి, అందులో నీళ్లు పోస్తున్నది. పెట్టె లోపలికంటే బయటే చల్లగా ఉందని, పెరుగు గిన్నెను నీళ్లలో నిలబెట్టడానికట.

"జర గిటు చూడుండ్రి. నిండ పోద్దమంటె ఆ మూలకు పొర్లుతది, ఈ మూలకు వేలెడు వెల్తి ఉంటది. పెట్టె వంగి నిలబడ్డది."

"వంగలే. చెక్కలు నాలుగు ఒక్క తీరుగ కోయించిన. తూచి పెట్టిన."

"చెక్కలు ఒక్క తీరుగనే ఉన్నయి. మన బండలు ఒక్క తీరుగ ఉన్నయా?"

నేను నేల వైపు చూశాను. మా నాయన ఈ ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీ పక్కన నిలబడి ప్రతి గదికీ ఈశాన్యం వైపు వాలు పెట్టించాడు. ఇంట్లో ఎక్కడ చెంబెడు నీళ్లు ఒలికినా ఆ మూలకు పోయి తూములో పడాలి. మా వాడలో ఏ ఇల్లైనా అంతే. ఆ వాలు మీద పుట్టి పెరిగిన కాళ్లకు అది వాలని తెలియదు. పెట్టె పడుకున్నా, వంగి నిలబడినా గొట్టాల్లో మందు సరిగా పారదన్నమాట. కోదాడలో ఎస్తేరు చెక్కలు ఎందుకు తలో తీరుగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఆ చెక్కలు కోసినవాడు చేతకానివాడు కాదు, వాడు నేలను కొలిచాడు. నేను చెక్కలను కొలిచాను.

ఐలన్నను పిలిపించాను. అతను పెట్టెను ఒక్కో మూల ఎత్తి పట్టుకుంటే, నేను కాలి కింద పలక ముక్కలు దోపుతూ పోయాను. రుక్కమ్మ పైన తాంబాలంలో నీళ్లు చూసి చెప్పేది, ఇంకొంచెం, చాలు, అటు. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆమె చెప్పడం, మిగతావాళ్లు చెయ్యడం అదే మొదలు. నీళ్లు నాలుగు అంచులకూ ఒక్కసారే వచ్చి ఆగాయి.

ఐలన్న పోయాక అడగకుండా ఉండలేకపోయాను. అక్క పోతే నీకు కొంత సుఖమే గదా, ఈ సంగతి ఎందుకు చెప్పినవ్ అన్నాను. వ్యాపారంలో ఎవరైనా తన నష్టానికి తాను దారి చూపిస్తే నేను నమ్మను.

రుక్కమ్మ తాంబాలం దించుతూ అంది. "ఆమె పోతె నేనెవరితోని మాట్లాడాలె? మీతోనా? మీరు అన్నం తినుకుంట కూడ ధరలే చెప్తరు."

వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారని నాకు అప్పటిదాకా తెలియదు. నేను దుకాణంలో ఉన్నంతసేపూ ఇంట్లో మాటలున్నాయన్నమాట.

మరునాడు పొద్దున తలుపు తెరిస్తే లోపలి రేకు మీద తెల్లగా, బస్తా అడుగున ఉప్పు పేరుకున్నట్టు ఉంది. అక్కను పిలిచాను. ఆమె వేలితో గీరి, నాలుక మీద పెట్టుకుని, ఉప్పు కాదని నిర్ధారణ చేసుకుంది. ఇంకోసారి గీరి రుక్కమ్మ చేతిలో పెట్టింది. సాయంత్రం నేను దుకాణం మూసి లోపలికొచ్చేసరికి మూటలో ఉండాల్సిన రెండు చీరలూ తడిపి దండెం మీద ఆరేసి ఉన్నాయి.

ఆ తర్వాత ఎండలు నిజంగా మొదలయ్యాయి. మందు సీసాలు పెట్టెలో మధ్య అరలో నిలబడ్డాయి. గాజు గొట్టం ముందు పచ్చబడి, కొన్నాళ్లకు నీలానికి వచ్చి అక్కడే ఆగింది. అప్పటిదాకా సూది వేస్తున్న డాక్టరు దగ్గరి కాంపౌండరు ఎండకు భయపడి రావడం మానేస్తే, సూది వెయ్యడం రుక్కమ్మ నేర్చుకుంది. డాక్టరు దోసకాయ ఇచ్చి, దాని మీద చెయ్యి తిప్పుకొమ్మన్నాడు. అక్క చూస్తూ కూర్చుని, దోసకాయ ఒర్రదు, నొప్పైతె నేను ఒర్రుత, సూసి పొడు అంది. మొదటి రోజు అక్క జబ్బ ముందుకు పెట్టి, గోడ మీద బల్లిని చూస్తూ, అయిపోయిందా అని అడిగింది. అప్పటికే అయిపోయింది.

పెట్టెకు పోసే నూనె దుకాణం వాటాలోది కాదు, మా ఇంటి వాటాలోది. సరుకు కొరత ఉన్న రోజుల్లో ఊరి నూనె నా ఇంట్లో కాలిస్తే ఊరు ఊరుకోదు. అందుకని ఇంట్లో ఒక లాంతరు ఆర్పేసి, పొద్దుండగానే అన్నాలు తిన్నాం. పెట్టె పైఅరలో నాలుగు సోడాలు పెట్టి బస్సు ప్రయాణికులకు అమ్ముదామనుకున్నాను. అక్క ఆ అర మజ్జిగకు పట్టేసుకుంది. కింది అర డాక్టరు తన దగ్గరకొచ్చే వేరేవాళ్ల మందులకు అడిగితే కాదనలేకపోయాను. వ్యాపారం చెయ్యడానికి పెట్టెలో నాకు జాగా మిగల్లేదు.

మృగశిర వచ్చింది, వానలు పడ్డాయి, గాలి చల్లబడింది. పాలకీడు నుంచి రుక్కమ్మ తల్లి కబురు పంపింది, నాట్లకు ముందు కొన్నాళ్లు వచ్చి పొమ్మని. రుక్కమ్మ పోనంది. పోతే అక్కకు సూది ఎవరు వేస్తారని అడిగింది. కాంపౌండరు ఉన్నాడని నేనంటే, ఆ మొద్దు చేతులోడా అని అక్కే కొట్టిపారేసింది. చివరికి వాళ్లిద్దరూ నన్ను అడగకుండానే తేల్చుకున్నారు. తడిగుడ్డ చుట్టిన చిన్న కుండలో సీసా పెట్టుకుని, అక్క కూడా పాలకీడు పోతుంది.

"ఆళ్లింట్ల మజ్జిగ అడగాలె గదనే అక్కా" అన్నాను.

"నేనెందుకు అడుగుత," అంది అక్క బండి ఎక్కుతూ. "ఇది అడుగుతది."

ఐలన్న బండి సడక్ ఎక్కి వంపు తిరిగేదాకా నిలబడ్డాను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరు ఎవరి మాట వింటున్నారో తెలియదు. లోపలికొచ్చి ఆ ఎండాకాలం లెక్క చూసుకున్నాను. లాభాలు: అక్క ప్రాణం. రుక్కమ్మ గొంతు. ఈ ఇంట్లో నేను ఎరగని మాటలు చాలా ఉన్నాయన్న తెలివి. నష్టాలు: అక్కను ఇంట్లో ఉంచుకోవడానికి ఎండాకాలమంతా పాటుపడితే, వానాకాలం రాగానే ఇద్దరూ కలిసి వెళ్లిపోయారు, వాళ్లొచ్చేదాకా వంట నాదే. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, నాకు బాగానే గిట్టుబాటైంది.